మే నెలలో ఎపాక్సీ పోసేముందు

ఏప్రిల్ దాటితే రేకుల షెడ్డులో మధ్యాహ్నానికి 42 డిగ్రీలు మామూలే. కాయిళ్లకు, సెన్సర్లకు, సర్క్యూట్ బోర్డులకు ఎపాక్సీతో (రెజిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే పదార్థం) పాటింగ్ చేసే, అంటే చుట్టూ పోసి మూసేసే చిన్న యూనిట్లకు అసలు టెన్షన్ ఇప్పుడే. జనవరిలో సరిపోయిన లెక్కలు మేలో తప్పుతాయి.

డేటాషీట్‌లోని పాట్ లైఫ్, అంటే కలిపాక వాడుకోగలిగే సమయం, సాధారణంగా 25 డిగ్రీల దగ్గర, 100 గ్రాముల మిశ్రమానికి చెప్పినది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆ సమయం దాదాపు సగమైపోతుంది. పైగా ముద్ద పెద్దదయ్యేకొద్దీ లోపల పుట్టిన వేడి బయటికి పోలేదు. ఒకసారి కిలోకు పైగా ఒకే ప్లాస్టిక్ మగ్గులో కలిపి ఫోన్ మాట్లాడటానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి మగ్గు మెత్తబడి పక్కకు వాలింది, పసుపు తిరిగిన ముద్ద పగుళ్లలోంచి ఘాటైన పొగ వస్తోంది. అలాంటప్పుడు దాని మీదకు వంగకండి, మూత పెట్టకండి. వీలైతే ఆరుబయట మట్టిలో పెట్టి దూరం జరగండి. అసలు అంతదాకా రాకుండా పొద్దున్నే, కొంచెం కొంచెంగా కలిపి వెడల్పు ట్రేలో ఉంచుకోండి. తొందరగా బిగుస్తోందని హార్డెనర్ మాత్రం తగ్గించకండి. తూకం తప్పితే మిగిలిన రెజిన్ ఎన్నాళ్లున్నా గట్టిపడదు.

నైట్రైల్ గ్లవ్స్ తప్పనిసరి. చేతికి అంటితే థిన్నర్‌తో కాదు, సబ్బు నీళ్లతో కడగాలి.

ఇక ఎక్కువమంది దెబ్బతినేది వేలితో నొక్కి "అయిపోయింది" అనుకోవడంలో. రెజిన్‌లో తయారీ నుంచి మిగిలిన సోడియం, క్లోరైడ్ అయాన్లు (విద్యుదావేశమున్న కణాలు) ఎంతో కొంత ఉంటాయి. గట్టిపడటం ఎంతవరకు వచ్చిందో చూడటానికి దువ్వెన పళ్లలాంటి ఎలక్ట్రోడ్లున్న సెన్సర్‌ను రెజిన్‌లో పెట్టి చిన్న ఏసీ వోల్టేజీ ఇస్తే ఆ అయాన్లు అటూ ఇటూ కదులుతాయి. రెజిన్ చిక్కబడేకొద్దీ వాటి కదలిక మందగిస్తుంది. ఆ అడ్డంకి కొలతే అయాన్ విస్కాసిటీ. మొదట్లో ఇదీ, మామూలు చిక్కదనమూ కలిసి పెరుగుతాయి. జెల్ (ముద్ద పారడం ఆగే దశ) దగ్గర మాత్రం దారులు వేరవుతాయి. సాధారణ డైఅమీన్ హార్డెనర్‌తో, లెక్క ప్రకారం, 58 శాతం చర్య జరిగేసరికి ముద్ద పారడం ఆగిపోతుంది. అయాన్లు అప్పటికీ వల సందుల్లోంచి జారుతూనే ఉంటాయి. అంటే వేలికి గట్టిగా తగిలినా ఇంకా చాలా పని మిగిలే ఉంది.

సెన్సర్‌ను చెమట చేత్తో ముట్టకండి. ఆ ఉప్పు కూడా అయాన్లే. తేమ తగిలినా రీడింగ్ తప్పుతుంది. కార్బన్ ఫైబర్ మీద పెడితే షార్టవుతుంది, మధ్యలో పలుచని గాజు గుడ్డ వేయండి. రెజిన్ మారితే అయాన్ల మోతాదూ మారుతుంది కాబట్టి అంకెలను పోల్చకండి, సమయంతో పాటు అయాన్ విస్కాసిటీ ఎలా మారిందో చూపే గీత వాలు చూడండి. పక్కనే వేడి కొలిచే థర్మోకపుల్ కూడా పెట్టండి. వేడెక్కితే అయాన్లు చురుకవుతాయి, క్యూరింగ్ (గట్టిపడే చర్య) సాగుతున్నా గీత కిందికి దిగినట్టు కనిపిస్తుంది.

గీత చదునైనా వెంటనే అచ్చు విప్పకండి. 30 డిగ్రీల దగ్గర బిగిసిన ఎపాక్సీ చాలాసార్లు పూర్తికాకుండానే గాజులా బిగుసుకుపోతుంది. అదే పార్ట్ ఎండలో 60 డిగ్రీలకు కాగే ఇనుప బాక్సులో మెత్తబడుతుంది. డేటాషీట్ చెప్పిన వేడిలో ఓవెన్‌లో పెట్టి చూడండి. గీత ముందు కిందికి దిగుతుంది. వేడి నిలకడయ్యాక అది మళ్లీ పైకి ఎక్కడం మొదలైతే లోపల క్యూరింగ్ ఇంకా మిగిలినట్టే. అది మళ్లీ చదునయ్యేదాకా ఓవెన్ ఆపకండి.