కొల్లేటి లంక ఊరి చరిత్రను రాసిపెట్టుకోవడం ఎలా

కొల్లేరు గురించి చదవడానికి దొరికేదానిలో పక్షుల సంగతులు, ప్రభుత్వ ఉత్తర్వుల సంగతులే ఎక్కువ. నీటి నడుమ మెరక మీద ఇళ్ళు కట్టుకుని తరతరాలుగా చేపల వేట మీద బతికిన లంక గ్రామాల వారి మాట తక్కువ. అక్కడ పుట్టి చదువుకున్న యువకులు గానీ, అక్కడ పనిచేసే ఉపాధ్యాయులు గానీ ఆ లోటు తీర్చాలనుకుంటే ముందుగా నీటిమట్టం లెక్క తెలుసుకోవాలి.

బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే నీరంతా కొల్లేటిలో చేరి, ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతుంది. వచ్చే దారులు అనేకం, పోయే దారి ఒక్కటే కావడం వల్ల ముంపు ఇక్కడ బతుకులో భాగమైంది. సముద్రమట్టానికి పది అడుగుల ఎత్తున సరస్సు విస్తీర్ణం 901 చదరపు కిలోమీటర్లని లెక్క; ఐదో కాంటూరు (అంటే సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తును చూపే గీత) వరకు ఉన్న 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. బడికి వెళ్ళనివారు కూడా కాంటూరు అనే మాటను తడుముకోకుండా వాడటం మీరు వింటారు. దాన్ని నోట్సులో మరో మాటగా మార్చకండి.

పెద్దవారిని ‘ఏ సంవత్సరంలో జరిగింది?’ అని అడగడం దండగ. నేను మొదట అలాగే అడిగి, ఒకే పెళ్ళికి మూడు వేర్వేరు సంవత్సరాలు రాసుకున్నాను. ‘మామ్మగారూ, అది దివిసీమ ఉప్పెనకు ముందా, తరువాతా?’ అని అడిగితే సమాధానం వెంటనే వస్తుంది. 1977 నవంబరు ఉప్పెన, 1990 మే తుఫాను, 2024 సెప్టెంబరులో వచ్చిన బుడమేరు వరద వంటివాటిని వరుసగా ఒక కాగితం మీద వేసుకుని, ప్రతి జ్ఞాపకాన్ని వాటి మధ్య సర్దండి. నెలలకైతే ఫాల్గుణంలో జరిగే కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరను కొండగుర్తుగా పెట్టుకోవచ్చు. ముంపు నీరు ఎంతవరకు వచ్చిందో చేత్తో చూపించమని అడిగి, గోడ మీద ఆ చోటును నేల నుంచి టేపుతో కొలవండి. పక్కింటి గోడ మీద కూడా కొలిస్తే గానీ ఆ అంకెను నమ్మవద్దు. ఇంటి అరుగును తరువాత ఎత్తు చేశారేమో కూడా అడగాలి.

అన్నిటికన్నా ఓపిక కావలసింది చేపల చెరువుల విషయంలో. 2006లో అభయారణ్యం లోపలి చెరువుల గట్లను ప్రభుత్వం కొట్టేసిన సంగతి ఎత్తగానే గొంతులు పెరుగుతాయి, ఒకే ఇంట్లో ఇద్దరు రెండు రకాలుగా చెబుతారు. తీర్పు చెప్పడం మీ పని కాదు. చెరువు ఎవరి పేర ఉండేది, సాగు ఎవరు చేసేవారు, లీజు డబ్బు ఎవరి చేతికి అందేది అనే మూడు ప్రశ్నలను కలపకుండా, విడివిడిగా అడగండి. ఒక్కటిగా అడిగితే ‘మాదేనండీ’ అన్న జవాబుతో మాట ఆగిపోతుంది, అసలు కథ అక్కడే మరుగున పడుతుంది.

వేట గురించి మాటలకన్నా వస్తువులు బాగా చెబుతాయి. అటక మీది పాత వలనో, చేపలు పట్టే వెదురు మావునో కిందికి దింపమని కోరి, ఎక్కడ నీటిలో పెట్టేవారో, చేప ఎటు నుంచి దూరేదో చేసి చూపించమనండి. మట్టగిడస, కొర్రమీను, ఇంగిలాయి, బొమ్మిడాయి వంటి పేర్లను వారు పలికినట్టే రాసుకోండి. ఆడవారితో విడిగా మాట్లాడటం తప్పనిసరి: చేపల బుట్ట ఏ సంతకు వెళ్ళేదో, తూకమా వాటానో, ఇంటి చుట్టూ నీళ్ళే ఉన్నా తాగే నీటికి ఎంత దూరం పోయేవారో వారికే బాగా తెలుసు.

చివరి రోజున ఊరి పటం గీయించండి. కాగితం ఇస్తే చాలామంది మొహమాటపడతారు కనుక, వాకిట్లో మట్టి మీద పుల్లతో గీయమని అడగండి. దోనె కట్టే రేవు, గుడి, పాత చెరువు గట్టు గీసినవారి ముందే పేర్లు రాసుకుని, పటాన్ని ఫొటో తీసి, వారికి చదివి వినిపించండి. ఇంటికి వెళ్ళాక రాద్దామనుకుంటే కాలువకు ఇవతల ఉన్న గుడి మీ పుస్తకంలో అవతలికి పోతుంది.