మైల్డ్ ఇంగ్లిష్ పైప్ పొగాకు చప్పగా ఉందా? ముందు వంటింట్లో ఉప్పు డబ్బా చూడండి

కోనసీమలో పైపు కాల్చేవాళ్ళు పిడికెడు మంది. వాళ్ళలో ఎవరికి కొత్త టిన్ వచ్చినా పది రోజుల్లో నాకు ఫోన్ వస్తుంది. "పేరు విని తెప్పించానండి. నాలుక మండిపోతోంది, రుచీ పచీ లేదు. ఈ బ్లెండ్ (ఆకుల మిశ్రమం) బాగోలేదు, మీరు తీసేసుకోండి." అలా నా దగ్గరికి చేరిన టిన్లలో పొగాకు నిజంగా పాడైనవి రెండో మూడో. మిగతావన్నీ మంచి సరుకే. ఒక్కటంటే ఒక్క పరీక్ష చెయ్యకుండా పొగాకు మీద తీర్పు చెప్పేస్తున్నారు. చెప్పిందే ఎన్నిసార్లు చెప్పను, అందుకే రాసి పెడుతున్నాను.

పైపు బౌల్ (పొగాకు వేసే గిన్నె) నింపడం, రెండుసార్లు వెలిగించడం, పొగాకును అదిమే ట్యాంపర్‌తో నొక్కడం మీకు వచ్చనే అనుకుంటున్నాను. మైల్డ్ ఇంగ్లిష్ అంటే వర్జీనియా, ఓరియంటల్ (టర్కీ వైపు పండే చిన్న ఆకు రకాలు) ఆకులు, వాటిలో కొద్దిగా లటాకియా. పైన వెనిల్లా, చెర్రీ లాంటి సెంట్లు ఉండవు. లటాకియా అంటే కట్టెల పొగ పట్టించి నల్లగా చేసిన ఆకు. పేరు సిరియా రేవుపట్నానిది, ఇప్పుడు దొరికేది మాత్రం సైప్రస్ సరుకు. మైల్డ్ రకంలో అది పులుసులో ఇంగువలాగా ఉండాలి: ఉందని తెలియాలి, మిగతావాటిని మింగకూడదు. దాని వెనక వర్జీనియాది ఎండుగడ్డి లాంటి తీపి, ఓరియంటల్‌ది కాస్త పుల్లటి పొడి వాసన. ఈ మూడూ విడివిడిగా తెలిసినప్పుడే రుచి చూసినట్టు లెక్క. డన్‌హిల్ పేరుతో వచ్చి, 2019 నుంచి పీటర్సన్ పేరుతో వస్తున్న ఎర్లీ మార్నింగ్ పైప్ అనే బ్లెండ్‌ను ఈ రకానికి కొలబద్దగా పెట్టుకోవచ్చు. ఘాటైన బ్లెండ్ చిన్న చిన్న తప్పులను దాచేస్తుంది. మైల్డ్ రకం దాచదు.

నాలుక మంట, బౌల్ అడుగున బుడబుడ, చప్పదనం: మూడూ కలిసి వస్తే

ఆకు తడిగా ఉంది. నూటికి తొంభైసార్లు ఇంతే అని నా అనుభవం. తడి ఆకు నిలకడగా మండదు. ఆరిపోతుందేమోనని గబగబా దమ్ము లాగుతారు. లాగేకొద్దీ వేడెక్కుతుంది, నీరు ఆవిరై నాలుక మీదికి వస్తుంది. మంట చాలావరకు ఆ ఆవిరి వల్లే. సున్నితమైన వాసనలు ఆ వేడిలో పోతాయి, మిగిలేది ఉడికిన ఆకు రుచి.

"తడి సంగతి నాకు తెలుసండీ, గంటసేపు ఆరబెట్టాకే కాల్చాను" అంటారు. అసలు దెబ్బ ఇక్కడే. నేనూ తిన్నాను ఈ దెబ్బ.

మొదట్లో అంబాజీపేటలో ఉండేవాణ్ణి. శ్రావణమాసం, మూడు రోజులుగా ముసురు. కొత్త టిన్ విప్పాను. పైపు పుస్తకాల్లో అందరూ రాసేదే చేశాను: కావలసినంత ఆకు పేపరు మీద పరిచి, వరండాలో గంటసేపు వదిలాను. కాలిస్తే మండింది. మర్నాడు రెండు గంటలు పెట్టాను, ఇంకా మండింది. మూడోనాడు రాత్రంతా ఉంచాను. పొద్దున్నే వెలిగిస్తే పది దమ్ములకే బౌల్‌లో నీళ్ళు. విసుగొచ్చి టిన్ను హైదరాబాద్‌లో ఉన్న స్నేహితుడికి ఇచ్చేశాను. నెల తర్వాత ఫోన్ చేశాడు, "ఇంత మంచి పొగాకు ఎలా ఇచ్చేశావురా!" అని. అదే టిన్, అదే ఆకు. మారిందల్లా గాలే.

అప్పుడు మళ్ళీ అదే బ్లెండ్ తెప్పించి, బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా మీద 10 గ్రాములు తూచి వరండాలో పెట్టాను. తెల్లారి తూస్తే 10.3 గ్రాములు. ఆరబెడుతున్నానని నేను అనుకున్న రాత్రంతా ఆకు నీళ్ళు తాగుతోంది.

పొగాకు గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది, గాలి పొడిగా ఉంటే వదులుతుంది. మెట్టలో దేవరపల్లి, కొయ్యలగూడెం వైపు వర్జీనియా పండించే రైతును అడగండి. బ్యారన్‌లో (ఆకును వేడి మీద ఆరబెట్టే కొట్టంలో) కాల్చిన ఆకు అప్పడంలా పెళుసుగా ఉంటుంది, ముట్టుకుంటే పొడైపోతుంది. అందుకే తలుపులు తెరిచి రాత్రి చల్లగాలికి వదులుతారు. తెల్లారేసరికి ఆకు మెత్తబడుతుంది, అప్పుడు దించుతారు. అక్కడ రైతు కావాలని చేసే పనినే మనం వరండాలో తెలియక చేస్తున్నాం. ఆ పుస్తకాలు రాసినవాళ్ళు చలిదేశాల వాళ్ళు. హీటర్ వేసిన గదిలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి వాళ్ళకు గంట చాలు. మూడువైపులా కాలవలు, ఎదురుగా సముద్రం ఉన్న మనకు ముసురు రోజుల్లో గంట కాదు, వారమైనా చాలదు.

గాలిలో తేమ 60 శాతం దగ్గర ఉంటే ఆకులో తేమ 12, 13 శాతం దగ్గర నిలబడుతుంది. పైపుకు కావలసింది 12 నుంచి 14. టిన్‌లో వచ్చేది సాధారణంగా 15 నుంచి 20. శ్రావణ భాద్రపదాల్లో డెల్టాలో గాలి తేమ 80 శాతం దాటడం మామూలే. ఆ గాలిలో ఆకు టిన్‌లో ఉన్నదానికంటే తడిగా తయారవుతుంది కానీ ఆరదు.

గాలి తేమ తెలియడానికి మీటరు కూడా అక్కర్లేదు, వంటింట్లోకి వెళ్ళండి. మెత్తటి ప్యాకెట్ ఉప్పు గాలి తేమ 75 శాతం దాటితే చెమ్మగిల్లుతుంది. అంతకంటే తక్కువైతే పొడిగా రాలుతుంది. కాబట్టి మూత తీసిన ఉప్పు డబ్బాలో స్పూను అతుక్కుంటోందంటే ఆ రోజు పొగాకు బయట ఆరదు. కల్లుప్పును చూసి చెప్పకండి. అందులో మెగ్నీషియం లవణాలు ఉంటాయి, అది ముందే నీరు కారుతుంది. వేయించిన అప్పడం పళ్ళెంలో పెట్టి పది నిమిషాలు చూసినా సరే. మెత్తబడిందంటే మీ పొగాకూ అదే దారిలో ఉంది.

చిటికెడు ఆకు వేళ్ళ మధ్య నొక్కి వదిలే పరీక్ష అందరికీ తెలిసిందే: ముద్దగా ఉండిపోతే తడి, మెల్లగా విచ్చుకుంటే సరి. ముసురు రోజుల్లో ఇది మోసం చేస్తుంది, ఎందుకంటే మన వేళ్ళకే చెమ్మ. కాటానే నమ్మండి. 18 శాతం తేమతో వచ్చిన 10 గ్రాముల ఆకు 13 శాతానికి దిగితే బరువు 9.4 గ్రాముల దగ్గరికి వస్తుంది. నేను 9.5 దగ్గర ఆపేస్తాను.

ఆరబెట్టడానికి ఏసీ గది ఉంటే పని సులువు. ముందు అరగంట ఏసీ నడవనిచ్చి, తలుపు మూసి, ఒక పైపుకు సరిపడా ఆకు పళ్ళెంలో పలచగా పరవండి. ముప్పావు గంట తర్వాత తూచండి. ఏసీ లేకపోతే పిడికెడు బియ్యం దోరగా వేయించి, మూత పెట్టి చల్లార్చి, క్యారియర్ గిన్నె అడుగున పోయండి. పైన పల్చటి గుడ్డలో ఆకు పెట్టి మూత బిగించి రాత్రంతా ఉంచండి. వేయించిన బియ్యం చెమ్మను లాగేస్తుంది. గిన్నెకు ఏ వాసనా లేకుండా చూసుకోండి. వైశాఖంలో పడమటి గాలి కొట్టే మధ్యాహ్నాలైతే ఇవేవీ అక్కర్లేదు, వరండాలోనే పావుగంటలో ఆరిపోతుంది. కానీ సాయంత్రం సముద్రపు గాలి తిరిగేలోపు లోపల పెట్టేయాలి. ఎండలో, పెనం మీద మాత్రం పెట్టకండి. ఆరడం ఆరుతుంది, వాసనా పోతుంది.

ఇంకో మాట. ఆరబెట్టిన ఆకును మళ్ళీ టిన్‌లో వేసి వదిలేస్తే రెండు రోజుల్లో మొదటికొస్తుంది. ఒకసారి విప్పిన టిన్ మూత గాలిని ఆపదు. మిగతా ఆకు గాజు సీసాలో, రబ్బరు వాషర్ ఉన్న మూతతో బిగించండి. ఆవకాయ పెట్టిన సీసా వద్దు, ఎంత కడిగినా ఆ వాసన పోదు. కలరా ఉండలు వేసిన బీరువాలోనూ, అగరొత్తులు వెలిగించే దేవుడి గదిలోనూ సీసా ఉంచకండి.

ఇంగ్లిష్ బ్లెండ్‌లో వెనిల్లా వాసన వస్తే

పైపుది ఆ వాసన. ఇంతకుముందు ఆ పైపులో సెంటు పొగాకు కాల్చి ఉంటారు, లేదా సెకండ్ హ్యాండ్‌లో కొని ఉంటారు. పైపులు చేసే బ్రయర్ కర్ర వాసనను పట్టుకుని వదలదు. ఖాళీ పైపును వెలిగించకుండా ఒకసారి లాగి చూడండి, అక్కడే తెలిసిపోతుంది. స్టెమ్ (నోట్లో పెట్టుకునే గొట్టం) తీసేసి, బౌల్‌లో దూది నింపి, వోడ్కా లాంటి రంగులేని మద్యంతో తడిపి రాత్రంతా ఉంచండి. ఆసుపత్రి స్పిరిట్ వాడకండి, అందులో విషం కలుపుతారు. తర్వాత వారం రోజులు పొడి గదిలో ఆరనివ్వాలి. ఇంత ఓపిక లేకపోతే రుచి చూడటానికే ఒక మొక్కజొన్న కండె పైపు విడిగా ఉంచుకోండి. అమెరికాలోని మిస్సోరిలో 1869 నుంచి వీటిని చేస్తున్నారు. చౌక, కొత్తది కాబట్టి పాత వాసన ఉండదు.

"బలం లేదండీ, గాలి పీల్చినట్టుంది"

ఇలా అనేవాళ్ళలో ఎక్కువమంది చుట్టకు అలవాటుపడ్డవాళ్ళు. లంక పొగాకు చుట్ట పొగలో క్షారగుణం ఎక్కువ, నికోటిన్ నోట్లోంచే రక్తంలోకి ఎక్కుతుంది, రెండు దమ్ములకే తల తిరుగుతుంది. వర్జీనియా పొగది ఆమ్లగుణం, నోట్లో అంతగా ఎక్కదు. అది ఈ బ్లెండ్ లోపం కాదు, తీరే అంత. తల తిరగడం కోసం చూడకుండా పొగను నోట్లో ఉంచి, ఊపిరితిత్తుల్లోకి లాగకుండా, కొద్దిగా ముక్కులోంచి వదలండి. ఓరియంటల్, లటాకియా అక్కడే తెలుస్తాయి. జలుబు ఉన్న రోజు ఈ పని పెట్టుకోకండి. ఊపిరితిత్తుల్లోకి లాగనంత మాత్రాన పొగాకు మంచిదైపోదు. అలవాటు లేనివాళ్ళు రుచి కోసం మొదలుపెట్టొద్దని మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

గోంగూర పచ్చడి, ఆవకాయ తిన్న గంటలోపు కాల్చి "పొగ వాసన ఒక్కటే వస్తోంది" అంటే నేనేమీ చెప్పలేను. పొద్దున్న టిఫిన్‌కు ముందు, మంచినీళ్ళు తాగి కాల్చండి. అడుగుకు వచ్చేసరికి చేదెక్కితే ట్యాంపర్ గట్టిగా నొక్కుతున్నారు. లోపలి మసిపొర ఒకటిన్నర మిల్లీమీటరు దాటినా చేదే, గీకేయండి. బౌల్ లోపల వార్నిష్ పూసిన చౌక పైపులు, చీలిన స్టెమ్ లాంటివి నేను ఒకటి రెండుసార్లే చూశాను, వాటి గురించి టెన్షన్ పడకండి.

బూజు మాత్రం వానాకాలంలో ఒకసారి చూసుకోవాలి. సీసా మూత తీయగానే తడి గోనెసంచి వాసన వచ్చి, ఆకు మీద దూది నూగులాంటిది కనిపిస్తే మొత్తం పారేయండి. పైన తీసేసి కింది ఆకు కాల్చొద్దు. సీసాను వేడినీళ్ళతో కడిగి, ఎండలో రెండు రోజులు బోర్లించి, ఆ తర్వాతే కొత్త ఆకు నింపండి.