ఇంక్‌స్కేప్‌తో తరగతిలో డిజైన్ నేర్పడం ఎలా

డిజైన్ నేర్పాలంటే ఖరీదైన సాఫ్ట్‌వేర్ తప్పనిసరి అనుకోనక్కర్లేదు. 2003లో మొదలైన, గీతలు, ఆకృతులతో బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్ విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ ఉచితంగా పనిచేస్తుంది కాబట్టి, బడిలో నేర్చుకున్నదాన్ని విద్యార్థి ఇంటి కంప్యూటర్‌లోనూ కొనసాగించవచ్చు.

శిక్షణకు ఐఐటీ బొంబాయి వారి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలను ఆధారం చేసుకోండి. పలు అంశాలపై తెలుగు వ్యాఖ్యానంతోనూ పాఠాలు దొరుకుతాయి. తెరపై ఒక పక్క వీడియో, మరో పక్క సాఫ్ట్‌వేర్ ఉంచుకుని, ఒక్కో అడుగు చూడగానే వీడియో ఆపి అదే పని స్వయంగా చేయడం వాటి పద్ధతి. ఉపాధ్యాయులు ముందుగా తామే పాఠం పూర్తిచేస్తే, పిల్లలు ఎక్కడ తడబడతారో తెలుస్తుంది. నా దృష్టిలో గీతలను వంచే నోడ్ పరికరానికే ఎక్కువ సమయం కేటాయించాలి.

తొలి అభ్యాసంగా బడి వార్షికోత్సవానికి ఎ4 పరిమాణంలో తెలుగు పోస్టరు చేయించండి. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా లభించే రామభద్ర, మండలి వంటి యూనికోడ్ ఫాంట్లనే వాడించండి. అయితే ముద్రణాలయం కంప్యూటర్‌లో ఆ ఫాంటు లేకపోతే అక్షరాల రూపం మారిపోతుంది, పిల్లల శ్రమ వృథా అవుతుంది. అందుకని మార్పులకు వీలైన ప్రతిని ముందు వేరుగా భద్రపరిచి, ఆ తరువాత అక్షరాలను ఎంచుకుని కంట్రోల్, షిఫ్ట్, సి మీటలను కలిపి నొక్కి వాటిని ఆకృతులుగా మార్చి, పీడీఎఫ్‌గా ఇవ్వాలి. ఒత్తులు, గుణింతాలు సరిగ్గా ఉన్నాయో లేదో ఆ పీడీఎఫ్‌లో పెద్దది చేసి చూడటం విద్యార్థులకే అప్పగించండి.