టక్ టక్ శబ్దం: తప్పు మైకుదా, క్లాక్‌దా?

గొంతు బాగానే పలికింది, ఫ్యాను కూడా ఆపేశారు, అయినా ట్రాక్ వింటే మధ్యమధ్యలో టక్కుమంటోంది. కృష్ణానగర్, యూసుఫ్‌గూడ వైపు ఇంట్లోనే ఒక గదిని స్టూడియో చేసుకుని డబ్బింగ్ చెప్పేవాళ్లు, పాటలు పాడేవాళ్లు ముందు కేబుల్ మారుస్తారు, తర్వాత మైకు. ఆ ఖర్చుకు ముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది.

క్లాక్ అంటే ధ్వనిని సెకనుకు ఎన్నిసార్లు కొలవాలో పరికరానికి లయ చెప్పే గడియారం; ఆ ఒక్కో కొలతే శాంపిల్. నిశ్శబ్దాన్ని రికార్డ్ చేసి వెతికితే క్లాక్ తప్పు దొరకదు. క్లాక్ కుదరనప్పుడు ఒక శాంపిల్ ఎగిరిపోతుంది, లేదా రెండుసార్లు వస్తుంది. సున్నా పక్కన సున్నా పోతే చెవికేం తెలుస్తుంది? ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ పెట్టి, 1 కిలోహెర్ట్జ్ సైన్ టోన్‌ను ప్రీయాంప్ (మైకు సిగ్నల్‌ను పెంచే పెట్టె) లైన్ ఇన్‌పుట్‌లోకి పంపి ఒక నిమిషం రికార్డ్ చేయండి. వేవ్‌ఫామ్‌ను బాగా జూమ్ చేసి, గీత విరిగిన ప్రతిచోటా మార్కర్ పెట్టండి. ఆ మార్కర్ల మధ్య దూరంలోనే సగం జవాబు ఉంది.

టక్కులు ఒకే దూరంలో లెక్కగా వస్తుంటే

ఇది దాదాపుగా క్లాక్ గొడవే. ఇంటర్‌ఫేస్‌కు (ధ్వనిని కంప్యూటర్‌లోకి పంపే పెట్టె) ఎనిమిది ఛానెళ్ల ప్రీయాంప్‌ను, అన్ని ఛానెళ్లనూ ఒకే వైరులో పంపే ఏడాట్ ఆప్టికల్ కేబుల్‌తో కలిపినచోట ఎక్కువగా కనిపిస్తుంది. రెండింటిలోనూ 48 (కిలోహెర్ట్జ్, అంటే సెకనుకు 48,000 శాంపిళ్లు) అనే రాసి ఉంటుంది, కానీ క్లాక్‌ను నడిపే క్రిస్టల్స్‌లో ఏ రెండూ సరిగ్గా ఒకే వేగంతో నడవవు. పది లక్షలకు 20 వంతులు తేడా ఉందనుకోండి, 48,000 శాంపిళ్లలో సుమారు ఒక శాంపిల్ తేడా. అంటే సెకనుకు ఒక టక్కు.

ఒకటి మాస్టర్‌గా, రెండోది దాన్ని అనుసరించేలా పెడితే చాలు. చాలామంది పొరబడేది ఇక్కడే. కేబుల్ ఒక్కటే ఉండి, అది ప్రీయాంప్ నుంచి ఇంటర్‌ఫేస్‌లోకి వస్తోందంటే, ఇంటర్‌ఫేస్ క్లాక్ ప్రీయాంప్‌కు చేరే దారే లేదు. అలాంటప్పుడు ప్రీయాంప్‌ను ఇంటర్నల్‌లో ఉంచి, ఇంటర్‌ఫేస్ కంట్రోల్ ప్యానెల్‌లో క్లాక్ సోర్స్‌ను ఏడాట్‌కు మార్చాలి. ఇంటర్‌ఫేసే మాస్టర్ కావాలంటే, వెనక్కి ఇంకో ఆప్టికల్ కేబులో, క్లాక్ లయను మాత్రమే మోసే వర్డ్ క్లాక్ కేబులో వేయాలి.

వర్డ్ క్లాక్‌కు బీఎన్‌సీ కేబుల్ కొనేటప్పుడు దాని మీద రాసింది చదవండి. కోఠి గుజరాతీ గల్లీలో సీసీ కెమెరాలకు అమ్మే ఆర్‌జీ-59 రకం 75 ఓమ్‌లది, అది పనికొస్తుంది. ఆర్‌జీ-58 చూడటానికి అలాగే ఉంటుంది కానీ 50 ఓమ్‌లది, వద్దు. వరసలో చివరి పరికరం దగ్గర 75 ఓమ్‌ల టర్మినేషన్ (సిగ్నల్ చివర తాకి వెనక్కి తిరగకుండా ఆపేది) ఆన్ చేయాలి, మధ్యవాటికి ఉండకూడదు. ఇంత చిన్న సెటప్‌కు వేలకు వేలు పోసి విడిగా మాస్టర్ క్లాక్ కొనడం దండగని నా అభిప్రాయం. మంచి ఇంటర్‌ఫేస్ సొంత క్రిస్టల్‌తో నడిచినప్పుడే సాధారణంగా జిట్టర్ (క్లాక్ లయలో వణుకు) తక్కువ.

మ్యాక్‌లో యూఎస్‌బీ మైకునూ ఇంటర్‌ఫేస్‌నూ అగ్రిగేట్ డివైస్‌గా కలిపితే ఇదే తంటా. ఆడియో మిడీ సెటప్‌లో ఇంటర్‌ఫేస్‌ను క్లాక్ సోర్స్‌గా పెట్టి, మైకు పక్కన డ్రిఫ్ట్ కరెక్షన్‌కు టిక్ పెట్టండి.

దూరాలు ఎలా పడితే అలా ఉంటే

బఫర్ (కంప్యూటర్ శాంపిళ్లను కాసేపు దాచుకునే చోటు) సరిపోవడం లేదు. 64 నుంచి 512కి పెంచి చూడండి. టక్కులు పోతే క్లాక్ జోలికి వెళ్లక్కర్లేదు. విండోస్ ల్యాప్‌టాప్‌లో రికార్డింగ్ సమయానికి వైఫై ఆపడం కూడా మంచిదే.

శ్రుతి పెరిగితే

టక్కులే లేవు, కానీ పాట ఒకటిన్నర సెమీటోన్ పైకి పోయి, 3 నిమిషాలది 2 నిమిషాల 45 సెకన్లకే అయిపోతోందంటే, 44.1లో చేసిన ఫైల్‌ను 48లో ఆడిస్తున్నారు. సినిమా, వీడియో పనులకు 48 అడుగుతారు, పాత కరోకే ట్రాకులు తరచూ 44.1లో ఉంటాయి. ప్రాజెక్ట్‌లోకి తెచ్చేటప్పుడే కన్వర్ట్ చేయండి.

సన్నగా కీచుమంటుంటే

స్పీకర్లలో ఎడతెగని కీచు వినిపిస్తూ, మౌస్ కదిపితే అది మారుతోందంటే, అది శాంపిల్ క్లాక్ కాదు. యూఎస్‌బీ లైన్లో డేటా సెకనుకు 8,000 సార్లు, పాత రకంలో 1,000 సార్లు పొట్లాలుగా కదులుతుంది. ఆ లయే గ్రౌండ్ లూప్ (పరికరాల ఎర్త్ దారులు కలిసి ఏర్పడే చుట్టు) గుండా స్పీకర్లోకి దూరుతుంది. ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసి చూడండి. కీచు ఆగితే దారి దొరికినట్టే.

ల్యాప్‌టాప్‌నూ స్పీకర్లనూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టి, స్పీకర్లకు మామూలు ఆర్‌సీఏ వైర్ల బదులు బయటి రొదను రద్దు చేసే బ్యాలెన్స్‌డ్ టీఆర్‌ఎస్ కేబుళ్లు వేయండి. ఎర్త్ పిన్ను కోసేయమని ఎవరైనా చెబితే వినకండి, షాక్ కొడితే ప్రాణానికే ముప్పు. పాత అపార్ట్‌మెంట్లలో సాకెట్‌కు మూడో రంధ్రం ఉన్నా వెనక ఎర్త్ వైరు లేకపోవడం ఉంది, ఎలక్ట్రీషియన్‌తో మీటర్ పెట్టించి చూడండి. ఇంకా పోకపోతే, కంప్యూటర్‌కూ ఇంటర్‌ఫేస్‌కూ మధ్య విద్యుత్ దారిని విడగొట్టే యూఎస్‌బీ ఐసొలేటర్ ఉంది. చవక రకాలు చాలావరకు 12 మెగాబిట్ల వేగానికే పరిమితం, 480 కావాల్సిన ఇంటర్‌ఫేస్ వాటి మీద సరిగా నడవదు. కొనేముందు డబ్బా మీద ఆ అంకె చూసుకోండి.