చుట్టాలొచ్చేలోపు డిష్‌వాషర్ ప్లగ్ ఒకసారి చూడండి

మా అపార్ట్‌మెంట్ గ్రూపులో మొన్న ఒక ఫోటో పెట్టారు. డిష్‌వాషర్ పవర్ ప్లగ్ ఒక పిన్ను దగ్గర కరిగి సాకెట్‌కి అతుక్కుపోయింది, పైన టైల్స్ మీద పొగ మసి. రాత్రి మిషన్ వేసి పడుకున్నారట. కింద అందరిదీ ఒకటే ప్రశ్న, ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే దానంతటదే పడిపోయే స్విచ్) ఎందుకు పడలేదు అని.

పడదు. నీళ్లు వేడెక్కేటప్పుడు మిషన్ సుమారు 2,000 వాట్లు లాగుతుంది, అంటే 230 వోల్టుల దగ్గర 9 ఆంపియర్ల లోపే. సాకెట్ లోపల పట్టు వదులై అర ఓము రెసిస్టెన్స్ వచ్చిందనుకోండి, ఆ ఒక్క చోటే 40 వాట్ల వేడి పుడుతుంది, సోల్డరింగ్ ఐరన్ ఒకటి బోర్డులో పెట్టి మర్చిపోయినట్టే. ఎంసీబీకి మాత్రం ఎప్పటిలా 9 ఆంపియర్లే కనిపిస్తాయి. అదెందుకు పడుతుంది?

ఎక్స్‌టెన్షన్ బాక్సు, తడి చేతుల సంగతి మీకు తెలిసిందే, వదిలేద్దాం. నేను మళ్లీ మళ్లీ చూసే తప్పు వేరే ఉంది. ప్లగ్ కాలుతుంది, ఎలక్ట్రీషియన్ వచ్చి కొత్త ప్లగ్ బిగించి డబ్బులు తీసుకుని వెళ్లిపోతాడు, సాకెట్ పైకి తెల్లగానే ఉంది కదా అని దాని జోలికి ఎవరూ పోరు. కానీ ఒకసారి బాగా వేడెక్కిన సాకెట్‌లో ఇత్తడి క్లిప్పులకు స్ప్రింగు గుణం పోతుంది, ఇక పిన్నును గట్టిగా పట్టుకోలేవు, కొన్నాళ్లకు కొత్త ప్లగ్గూ కాలుతుంది. సాకెట్ మార్చి పాత ప్లగ్ ఉంచినా అంతే, కాలిన పిన్ను కొత్త సాకెట్‌ని పాడుచేస్తుంది. మారిస్తే రెండూ మార్చండి. వైరు కొస నల్లబడినంత మేరా కత్తిరించి, మెరిసే రాగి కనిపించాకే స్క్రూ కింద పెట్టమనండి. వారంటీ ఉంటే వైరు కోయించే ముందు కంపెనీవాళ్లకు ఫోన్ చేయండి.

పండక్కి ఇల్లు నిండితే మిషన్ రోజుకి మూడుసార్లు తిరుగుతుంది, బోర్డు చల్లారే టైమే ఉండదు. అందుకే ఇప్పుడే ఒకసారి కడాయి ప్రోగ్రామ్‌లాంటి బాగా వేడిగా కడిగేది పెట్టి, నీళ్లు కాగుతున్నప్పుడు పొడి చేత్తో ప్లగ్ వీపు తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. చెయ్యి ఆనించి ఉంచలేకపోతే వెంటనే ఎంసీబీ దించి, ఆ తర్వాతే ప్లగ్ తీయండి. వంటింట్లో చేపలు లేకుండానే ఎండుచేపల వాసన వస్తే అది వేడెక్కిన ప్లాస్టిక్ కావచ్చు, వాసన ఎక్కడిదో తేలేదాకా మిషన్ వేయకండి.

ప్లగ్ చల్లగా ఉండి మిషన్లోంచి వాసన వస్తుంటే మీరు విప్పొద్దు, మెకానిక్‌ని పిలవండి. హీటర్‌కి తగిలించిన వైరు క్లిప్పులు గోధుమ రంగుకి తిరిగాయా, మిషన్ లోపలి సర్క్యూట్ బోర్డు మీద రిలే (హీటర్‌ని ఆన్, ఆఫ్ చేసే చిన్న స్విచ్) కాళ్ల దగ్గర నల్లటి వలయం ఉందా, తలుపు తీసి వేసి కీలు దగ్గర వైర్లు నలిగాయా, మూడూ చూపించమనండి. ఇక్కడా అదే రూలు. బోర్డు మార్చి కాలిన కనెక్టర్ అలాగే ఉంచితే కొత్త బోర్డూ పోతుంది, బోర్డు చవకేం కాదు.

ఇక మిగతావి.

ఎంసీబీ పడుతోందని 16 ఆంపియర్లది తీసి 25ది పెట్టించొద్దు, ఈసారి గోడలో వైరు కాలుతుంది.

నీళ్లు కాగే టైములో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడే స్విచ్) పడుతుంటే హీటర్ లీకేజీ అయ్యుండొచ్చు. బైపాస్ చేసి ఇస్తానన్నవాణ్ణి ఇంట్లోకి రానివ్వొద్దు.

చిన్న సాకెట్‌కి కన్వర్టర్ తగిలించి నడపొద్దు.

ఇన్వర్టర్ లైనుకి కలపొద్దు.

ట్యాబ్లెట్లు అయిపోయాయని గిన్నెలు తోమే లిక్విడ్ పోయొద్దు, నురగ పొంగి కిందికి దిగితే అక్కడంతా వైర్లే.

సాకెట్ మిషన్ వెనక ఉంటే పక్క కబోర్డులోకి మార్పించండి. మంట వచ్చాక మిషన్ లాగి ప్లగ్ పీకలేరు.

పొగ వస్తే మిషన్ తలుపు తెరవొద్దు, నీళ్లు కొట్టొద్దు, మెయిన్ దించండి.

వేసి పడుకోవద్దు. వేసి గుడికి వెళ్లొద్దు.

ప్లగ్ ఒక్కటే మార్చొద్దు. సాకెట్ ఒక్కటే మార్చొద్దు. "సాకెట్ బాగానే ఉంది మేడమ్" అంటే, విప్పి లోపలి క్లిప్పులు చూపించమనండి.