ఇండికేటర్లు జరిపేటప్పుడు ఎర్త్ వైరు మరవొద్దు
బైకు ముందు వైపు ఇండికేటర్లను ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే) గొట్టాలకు మార్చేటప్పుడు దెబ్బతినేది ఎక్కువగా ఎర్త్ దగ్గరే. చాలా ఇండికేటర్లకు, వాటిని బిగించే లోహపు కాడే ఎర్త్, అంటే కరెంటు తిరిగి వెళ్లే దారి. పౌడర్ కోటింగ్ ఉన్న క్లాంపుకో, రబ్బరు పెట్టిన క్లాంపుకో బిగిస్తే కరెంటు తిరిగి వెళ్లే దారి ఉండదు, లైటు వెలగదు. పెయింటు గీకితే తుప్పు పడుతుంది. కాడ బోల్టు కింద రింగు టెర్మినల్ పెట్టి, 0.75 చదరపు మిల్లీమీటర్ల వైరును హెడ్‌లైట్ డొప్పలోని ఎర్త్‌కు కలపండి.

క్లాంపును పై, కింది టీల (ఫోర్కు గొట్టాలు రెండింటినీ కలిపి పట్టుకునే అడ్డ ముక్కల) మధ్యే బిగించండి. కింది టీకి కింద బిగిస్తే గుంతల్లో ఫోర్కు నొక్కుకున్నప్పుడు తగులుతుంది. హ్యాండిల్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి చూశాకే వైరు కత్తిరించండి. సోల్డర్ చేసే ముందే వైరుకు హీట్ ష్రింక్ (వేడికి ముడుచుకుని అతుకును కప్పే గొట్టం) ఎక్కించాలి, తర్వాత ఎక్కదు.

10 వాట్ల బల్బుల బదులు ఎల్ఈడీలు వేస్తే పాత ఫ్లాషర్ (ఇండికేటర్లను వెలిగించి ఆర్పే డబ్బా) గబగబా కొట్టుకుంటుంది. దాన్ని సరిచేయడానికి పెట్టే రెసిస్టర్లు కాలిపోయేంత వేడెక్కుతాయి కాబట్టి ఎల్ఈడీ ఫ్లాషరే మేలు. అయినా నాలుగూ కలిసి వెలుగుతుంటే, మీటర్లో రెండు వైపులకూ ఒకటే పైలట్ బల్బు (ఇండికేటర్ వేసినట్టు చూపే చిన్న లైటు) ఉందన్నమాట. కరెంటు దాని గుండా అవతలి వైపుకు పోతోంది. పైలట్ ఒక కొసను ఎర్త్‌కు ఇచ్చి, రెండో కొసకు రెండు వైపుల నుంచీ కరెంటును ఒకే దిక్కుకు పోనిచ్చే 1ఎన్4007 డయోడ్ ఒక్కోటి పెట్టండి. డయోడ్ మీది వెండి గీత పైలట్ వైపు ఉండాలి.