పాత మియాటాకి స్ప్రింగులు మార్చే ముందు ఇవి చూసుకోండి

చలి తగ్గి రోడ్ల మీద ఉప్పు కొట్టుకుపోగానే, అమెరికాలో వీకెండ్ బండిగా ఎన్ఏ మియాటా (మాజ్డా వాళ్ళ రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారు, 1989 నుంచి 1997 దాకా వచ్చిన మొదటి మోడల్) పెట్టుకున్న మనవాళ్ళందరికీ ఒకటే ఐడియా వస్తుంది, స్ప్రింగులు మార్చి బండి కాస్త కిందకి దించేద్దాం అని. దించొద్దు అనట్లేదు, కానీ ఈ బండికి సస్పెన్షన్ ట్రావెల్ (చక్రం పైకీ కిందకీ కదలగలిగే దూరం) మొదటి నుంచీ తక్కువే. ఒక ఇంచు దించితే ఆ ఇంచు పోయేది చక్రం పైకి లేవాల్సిన వైపు నుంచే. మిగిలిన ఖాళీ చిన్న గుంతకే అయిపోయి బరువంతా బంప్ స్టాప్ (ట్రావెల్ చివర తగిలే ఫోమ్ దిమ్మ) మీద పడుతుంది, ఇంక అక్కడి నుంచి మీరు డబ్బులు పెట్టి కొన్న స్ప్రింగ్ కంటే ఆ ఫోమ్ ముక్కదే పెత్తనం. అదే మలుపు మధ్యలో వెనక వైపు జరిగితే బండి గిర్రున తిరిగిపోతుంది. వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) చూస్తే 2265 మి.మీ. మాత్రమే, వెనక చక్రాల డ్రైవు, కాపాడడానికి స్టెబిలిటీ కంట్రోల్ కూడా లేదు.

అందుకే ఏదైనా ఆర్డర్ పెట్టే ముందు ఒక పని చేయండి. డ్యాంపర్ (షాక్ అబ్సార్బర్) మీద డస్ట్ బూట్ పైకి లాగి, రాడ్‌కి ఒక జిప్ టై బిగించి డ్యాంపర్ బాడీ అంచుదాకా కిందకి తోసి, రోజూ వెళ్ళే రోడ్డులోనే ఒక రౌండ్ కొట్టి రండి. జిప్ టై బంప్ స్టాప్ దగ్గరకి వెళ్ళి ఆగిందంటే ఉన్న హైటుకే ట్రావెల్ అయిపోతోందని అర్థం. పనిలో పని ఆ బంప్ స్టాప్‌ని వేలితో నొక్కి చూడండి, పాత బండ్లలో చాలాసార్లు అది పొడి పొడిగా చేతిలోకి వచ్చేస్తుంది. తర్వాతి మోడల్ ఎన్‌బీ మియాటా పై మౌంట్లు (డ్యాంపర్ పై చివరని బండికి పట్టి ఉంచేవి) దొరికితే వేసుకోవచ్చు, బంప్ వైపు ట్రావెల్ కొంచెం పెరుగుతుంది.

ఇప్పుడున్న హైట్ కూడా రాసి పెట్టుకోండి, చక్రం సెంటర్ నుంచి ఫెండర్ అంచుదాకా, నాలుగు మూలలా. నేల నుంచి కొలిస్తే టైరు సైజు మారగానే లెక్క తప్పుతుంది. ఒక మూల కుంగిందని ఒక్క స్ప్రింగే మార్చకండి, ముందు జత లేదా వెనక జత మార్చాలి.

స్పెక్స్ చదివేటప్పుడు యూనిట్ చూడండి బాబూ. జపాన్ సెట్‌కి రేటు (స్ప్రింగ్ గట్టిదనం) ముందు 8, వెనక 6 అని ఉంటే అది మిల్లీమీటరుకి కిలోలు, అంటే ఒక మి.మీ. నొక్కడానికి పట్టే బరువు, అమెరికా లెక్కలో దాదాపు 448, 336 పౌండ్లు ఇంచుకి (ఒక కిలో/మి.మీ. అంటే 56 పౌండ్లు/ఇంచు). ఇంతాచేసి బండి బరువు టన్నుకి అటూ ఇటూ, ఆ రేటు రోజువారీ రోడ్డుకి నడుం విరగ్గొడుతుంది. పొట్టి స్ప్రింగ్ అయితే బండి దిగుతుందనేది కూడా భ్రమే. స్ప్రింగ్ మీద 300 కిలోల బరువు పడుతోంది అనుకోండి, 3 కిలోల రేటుది 100 మి.మీ. నొక్కుకుంటుంది, 5 కిలోలది 60 మాత్రమే, అంటే రెండోది 40 మి.మీ. పొట్టిగా ఉన్నా బండి అదే ఎత్తులో ఉంటుంది. తీగ మందం కూడా చూడండి, మిగతావన్నీ ఒకటే అయినా 10 మి.మీ. బదులు 11 ఉంటే గట్టిదనం 46 శాతం పెరిగిపోతుంది. ఇక పాత స్ప్రింగ్‌నే ఒక చుట్టు కోసేయడం, టార్చ్‌తో కాల్చి కుంగదీయడం లాంటి సలహాలు ఎవరైనా ఇస్తే నవ్వేసి వచ్చేయండి, కాల్చితే ఉక్కు పదునే పోతుంది.

డ్యాంపర్లు పాతవైతే గట్టి స్ప్రింగ్ వేయడం దండగ, రీబౌండ్‌ని (నొక్కుకున్న స్ప్రింగ్ తిరిగి తన్నడాన్ని) ఆపలేక బండి ఎగురుతూనే ఉంటుంది. బడ్జెట్ ఒక్కదానికే ఉంటే నేనైతే డ్యాంపర్లకే పెడతా.

అసలు ప్రమాదం మాత్రం విప్పేటప్పుడే. స్ప్రింగ్ నొక్కకుండా పైన మధ్య నట్ తీశారంటే మౌంట్ మొహం మీదకి వస్తుంది. అద్దెకి తెచ్చిన స్ప్రింగ్ కంప్రెసర్ (స్ప్రింగ్‌ని నొక్కి పట్టే పనిముట్టు) హుక్కులు రెండూ సరిగ్గా ఎదురెదురుగా పెట్టి, ఇటు కొంచెం అటు కొంచెం చేత్తోనే తిప్పుతూ బిగించండి, ఇంపాక్ట్ గన్ వద్దు, స్ప్రింగ్ రెండు చివర్లకీ ఎదురుగా నిలబడొద్దు. హుక్కు జారుతున్నట్టు అనిపిస్తే ఆపేసి అసెంబ్లీ అలాగే షాపుకి తీసుకెళ్ళండి, గోడకి బిగించిన పెద్ద కంప్రెసర్‌లో పెట్టి కాసేపట్లో చేసిచ్చేస్తారు. బండిని ఉత్త జాకీ మీద వదిలేయకుండా స్టాండ్లు పెట్టాలని మళ్ళీ చెప్పక్కర్లేదనుకుంటా.

ఉప్పు రోడ్ల రాష్ట్రంలో తిరిగిన బండి అయితే కింది ఆర్మ్‌లలో ఉండే అలైన్‌మెంట్ క్యామ్ బోల్టులు (తిప్పి చక్రాల కోణం సరిచేసేవి), మొత్తం 8, తుప్పుతో పట్టేసి ఉంటాయి. ఒక వారం ముందు నుంచే పెనెట్రేటింగ్ ఆయిల్ కొడుతూ ఉండండి, లేకపోతే స్ప్రింగులు వేసుకుని అలైన్‌మెంట్ షాపుకి వెళ్ళాక బోల్టు కదలట్లేదని తిప్పి పంపిస్తారు. రబ్బరు బుష్‌ల బోల్టులు విప్పి ఉంటే చక్రాలు గాల్లో ఉండగా ఫైనల్ టైట్ చేయకండి, బరువు నేల మీద పడ్డాకే చేయాలి, లేదంటే రబ్బరు మెలి తిరిగి ఉండిపోయి త్వరగా చిరిగిపోతుంది. ముందు వెనక సమానంగా దిగకపోతే హెడ్‌లైట్ల వెలుగు కూడా పైకో కిందకో పోతుంది, రాత్రి గోడ ముందు పెట్టి ఒకసారి ఎయిమ్ సరిచేసుకోండి.